నీ కొత్త ఇంటి నీళ్ల గొట్టం గురించి

ప్రియమైన సుధాకర్‌కు,

చికాగోలో ఇల్లు కొన్నామని నువ్వు రాసిన ఉత్తరం చదివి మా ఇంటిల్లిపాదీ సంతోషించాం. అయితే అది 1924లో కట్టిన ఇల్లనీ, పాపకు డబ్బా పాలు మొదలుపెట్టారనీ ఒకే పేజీలో చదివేసరికి, వీధిలోంచి మీ ఇంట్లోకి నీళ్లు తెచ్చే గొట్టం సీసమనే విషపు లోహంతో చేసినదేమో అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. మిగతా కబుర్లు తర్వాత రాస్తాను, ఈ ఉత్తరమంతా ఆ ఒక్క విషయమే.

ఆ ఊరి విషయంలో ఇది అతిభయం కాదు. కొత్తగా సీసపు గొట్టాలు వేయడాన్ని అమెరికా చట్టం 1986లో నిషేధించింది. చాలా నగరాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే వాటిని మానుకున్నా, చికాగో నగర నిబంధనలు మాత్రం ఆ నిషేధం వచ్చేదాకా చిన్న ఇళ్లకు సీసపు గొట్టమే వేయాలని శాసించాయి. అందుకే అక్కడ ఇప్పటికీ దాదాపు 4 లక్షల సీసపు గొట్టాలు ఉన్నాయని లెక్క, దేశంలో మరే నగరంలోనూ అన్ని లేవు. మధ్యలో ఎవరైనా మార్పించారన్న రుజువు దొరికేదాకా మీది కూడా సీసమేననుకుని నడుచుకోవడం మంచిది.

మిషిగన్ సరస్సు నుంచి శుద్ధి అయి వచ్చే నీళ్లు మంచివే. సీసం చేరేది వీధి కింద ఉండే పెద్ద గొట్టం (మెయిన్) నుంచి ఇంటిదాకా వేసిన ఆ సన్నటి గొట్టంలోనూ, ఇంట్లోని పాత అతుకుల్లో, కుళాయిల్లోనూ. నీళ్లలో ఫాస్ఫేటు కలిపితే గొట్టం లోపల ఒక పొర ఏర్పడి సీసం కరగకుండా చాలావరకు అడ్డుకుంటుంది. 2014లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం నది నీటికి మారినప్పుడు తుప్పును అరికట్టే ఆ శుద్ధి చేయలేదు. పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగింది, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని అక్కడి పిల్లల డాక్టర్ మోనా హన్నా-అటీషా మరుసటి సంవత్సరం లెక్కలతో సహా బయటపెట్టారు. శుద్ధి సరిగానే జరుగుతున్న ఊళ్లో కూడా, వీధిలో తవ్వకాలు జరిగి గొట్టం కదిలితే ఆ పొర ఊడి నీళ్లలో కలవవచ్చు.

చెల్లెమ్మకు ఒక మాట తప్పకుండా చెప్పు. మన ఇళ్లలో నీళ్ల మీద అనుమానం వస్తే కాచి చల్లార్చి తాగుతాం. క్రిములకు అది సరిపోతుంది గానీ సీసానికి పనికిరాదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో సీసం మోతాదు పెరుగుతుంది కూడా. రంగు, వాసన, రుచి ఏవీ దాన్ని పట్టివ్వవు.

కాబట్టి ముందు గొట్టాన్నే చూడాలి. టార్చిలైటు, తాళంచెవి, ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం తీసుకుని బేస్‌మెంట్‌లోకి దిగు. అక్కడి పాత ఇళ్లలో చాలావాటికి మీటరే ఉండదు కనుక, నేలలోంచో వీధివైపు గోడలోంచో గొట్టం లోపలికి వచ్చే చోటు మొదలుకొని తొలి వాల్వుదాకా వెతుకు. రంగు వేసి ఉంటే కొద్దిగా గోకి లోహం కనిపించేలా చేసి, తాళంచెవితో మెల్లగా గీయి. మసకబారిన బూడిదరంగు లోహం మెత్తగా గీసుకుపోయి, గీత వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసమే. వాల్వుకు ముందు ఉల్లిగడ్డలా ఉబ్బిన అతుకు కనిపిస్తే ఇంకా గట్టి ఆనవాలు. అయస్కాంతం అంటుకుంటే మనకు తెలిసిన జీఐ పైపు లాంటిది, ఎర్రగా కనిపిస్తే రాగి. జీఐ పైపు అని తేలినా నిశ్చింతగా ఉండకు. నీళ్లు దాన్ని చేరే దారిలో ఎప్పుడైనా సీసపు గొట్టం ఉండి ఉంటే, లోపలి తుప్పులో సీసం పేరుకుని ఉంటుంది. పని అయ్యాక చేతులు శుభ్రంగా కడుక్కుని పాపను ఎత్తుకో.

నువ్వు చూసేది ఇంట్లోకి వచ్చిన కొస మాత్రమే, మట్టి కింద మరొక రకం ఉండవచ్చు. ప్రతి నీటి సరఫరా సంస్థా 2024 అక్టోబరు 16 నాటికి ఏ ఇంటికి ఏ గొట్టముందో జాబితా తయారుచేయాలని ఫెడరల్ ప్రభుత్వం ఆదేశించింది కనుక, నీ చిరునామా ఎదురుగా ఏముందో అందులో వెతుకు. 'తెలియదు' అని ఉంటే, లేదని అర్థం చేసుకోకు.

నగర సేవల నంబరు 311కు ఫోన్ చేస్తే నగరం నీటి పరీక్ష కిట్ ఉచితంగా పంపుతుంది. రాత్రంతా కుళాయి విప్పకుండా ఉంచి, ఉదయాన్నే వాళ్లు చెప్పిన వరుసలోనే బాటిళ్లు పట్టాలి. మొదటి బాటిల్‌లోకి కుళాయి దగ్గర నిలిచిన నీళ్లు వస్తాయి, వీధి నుంచి ఇంటికి వచ్చే గొట్టంలో నిలిచినవి ఆ తర్వాత వస్తాయి. ఫలితం తక్కువగా వస్తే సంతోషమే, కానీ సీసపు గొట్టం లేదనడానికి అది రుజువు కాదు, ఎందుకంటే సీసం ఒకరోజు రాలినట్టు మరొకరోజు రాలదు. వంద కోట్ల భాగాల నీళ్లకు 15 భాగాల సీసం అనే హద్దును 2024 నిబంధనలు, 2027 నవంబరు నుంచి అమలయ్యేలా, 10కి తగ్గించాయి. అది సరఫరా సంస్థలు ఎప్పుడు చర్య తీసుకోవాలో చెప్పే హద్దు. పసిపిల్లలకు ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల సీసం మోతాదు ఏదీ లేదు.

ఇదంతా తేలేదాకా ఆగకుండా, నీటి ఫిల్టర్ల నాణ్యతకు పెట్టిన ఎన్ఎస్ఎఫ్ (NSF) 53 ప్రమాణం ప్రకారం సీసాన్ని తొలగిస్తుందని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్న ఫిల్టర్ ఈ రోజే కొను. పాప పాలకూ, తాగడానికీ, వంటకూ ఆ నీళ్లే వాడండి. వేడినీళ్ల కుళాయి నుంచి వంటకు ఎప్పుడూ పట్టకండి. పాప రక్తంలో సీసం పరీక్ష ఎప్పుడు చేయించాలో పిల్లల డాక్టరును అడుగు.

సీసమని తేలితే, మెయిన్ నుంచి ఇంటిదాకా మొత్తం గొట్టాన్ని మార్పించు. సగం మార్చి సగం వదిలితే మిగిలిన ముక్క కదిలి కొంతకాలం సీసం మరింత రాలుతుంది. కాంట్రాక్టరుతో మాట్లాడే ముందు నగర జల విభాగాన్ని అడుగు, అనుమతి రుసుము మాఫీ చేసే పథకం ఉంది. ఈ ఆదివారమే బేస్‌మెంట్‌లోకి దిగి, గీసిన చోటునూ అతుకునూ దగ్గరగా ఫోటో తీసి నాకు పంపించు.

నీ
రఘు