కొత్త లైనుకు రెండు సంఖ్యలు: 13, 10

సంపాదకులకు,

గైడ్లలో, ల్యాబ్ మాన్యువళ్లలో, పత్రికల విద్యా పేజీల్లో 8086 ప్రాసెసర్ అసెంబ్లీ ప్రోగ్రాములు వేసేటప్పుడు, లైను మార్చే 13, 10 అనే ఆ చిన్న ముక్కను దయచేసి జాగ్రత్తగా అచ్చువేయండి. లెక్క సరిగ్గా వచ్చినా రెండు వాక్యాలు అతుక్కుపోయి కనిపిస్తే విద్యార్థి లెక్కనే అనుమానించి, బాగున్న కోడ్‌ను చెడగొట్టుకుంటాడు.

డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాక్యం చూపడానికి ఏహెచ్ రిజిస్టర్లో 9 (ఇదే ఫంక్షన్ 9), డీఎక్స్ రిజిస్టర్లో వాక్యం చిరునామా పెట్టి, డాస్ సేవను కోరే ఇంటరప్ట్ 21హెచ్‌ను పిలుస్తాం. రిజిస్టర్ అంటే ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు, సంఖ్య చివరి హెచ్ అంటే అది హెక్సా, అంటే 16 ఆధారంగా రాసిన సంఖ్య. డాలర్ గుర్తు వచ్చేదాకా బైట్లను వరసగా తెర మీదికి పంపడమే దాని పని. లైను మార్పు మనమే చెప్పాలి. కొటేషన్లలో వాక్యం, ఆ తర్వాత కొటేషన్ల బయట 13, 10, చివర కొటేషన్లలో డాలర్ గుర్తు. 13 కర్సర్‌ను అదే లైను మొదటికి తెస్తుంది. 10 ఉన్న చోటు నుంచి నిట్టనిలువుగా కిందికి దించుతుంది. టెలిప్రింటర్లో ఇవి రెండు వేర్వేరు కదలికలు. 10 ఒక్కటే ఇస్తే లైన్లు మెట్లుమెట్లుగా పడతాయి. 13 ఒక్కటే ఇస్తే రెండో వాక్యం మొదటిదాని మీద పడుతుంది, మొదటిది పొడవైతే దాని తోక మిగులుతుంది. డాలర్ మరిస్తే మెమరీలో ఎక్కడో ఒక 24హెచ్ (డాలర్ కోడ్) దొరికేదాకా చెత్త అక్షరాలు పారుతూనే ఉంటాయి. సీ భాష అలవాటుతో కొత్త లైనుకు బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తే మాస్మ్ అనే అసెంబ్లర్ (అసెంబ్లీని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాము) దాన్ని మామూలు అక్షరాలుగానే తీసుకుంటుంది.

మాన్యువళ్లలో ఈ రెండింటినీ 0డీహెచ్, 0ఏహెచ్ అని హెక్సాలో వేస్తారు. అచ్చులో ముందున్న సున్నా ఎగిరిపోతే మిగిలేవి డీహెచ్, ఏహెచ్. అవి రిజిస్టర్ల పేర్లు కాబట్టి అసెంబ్లర్ తప్పు చూపిస్తుంది. సున్నా బదులు ఓ అక్షరం పడినా ఇదే గొడవ. అందుకే 13, 10 అని దశాంశంలోనే వేయడం మేలని మా అభిప్రాయం. వాటి పక్కన హెచ్ మాత్రం చేర్చకూడదు, 10హెచ్ అంటే 16.

ఇంకో చిక్కు ఎంటర్ కీతో వస్తుంది. ఏహెచ్‌లో 10 పెట్టి కీబోర్డు నుంచి లైను చదివినప్పుడు (ఈ 10కీ లైను మార్చే 10కీ సంబంధం లేదు) ఎంటర్ నొక్కితే కర్సర్ లైను మొదటికి వస్తుందే గానీ కిందికి దిగదు. తర్వాతి వాక్యం టైపు చేసిన దాన్ని చెరిపేస్తుంది. కాబట్టి ఆ వాక్యాన్నే 13, 10తో మొదలుపెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేది ఏఎల్ రిజిస్టర్. కూడిక ఫలితం ఏఎల్‌లో ఉండగా కొత్త లైను కోసం ఫంక్షన్ 9ని పిలిస్తే, తిరిగి వచ్చేసరికి ఏఎల్‌లో 24హెచ్, అంటే డాలర్ కోడ్, కూర్చుంటుంది. ముందే ఫలితాన్ని బీఎల్‌లోకి మార్చాలి, లేదా పిలుపుకు ముందు పుష్ ఏఎక్స్ (దాచడం), తర్వాత పాప్ ఏఎక్స్ (తిరిగి తీయడం) రాయాలి, ఏఎల్ ఏఎక్స్‌లో భాగమే. కొత్త లైనుకు మ్యాక్రో (ఒక పేరుతో మళ్లీ మళ్లీ వాడే కోడ్ ముక్క) రాస్తే ఏఎక్స్, డీఎక్స్ రెండింటినీ అందులోనే దాచి తిరిగి ఇవ్వడం మంచిది.

లినక్స్‌లో నాస్మ్ అసెంబ్లర్ వాడేవారికి 10 ఒక్కటే చాలు, లైను మొదటికి తేవడం టెర్మినల్ చూసుకుంటుంది. అక్కడ డాలర్ ముగింపు గుర్తు కాదు, పెడితే తెర మీద కనిపిస్తుంది. వాక్యం పొడవును మనమే ఇవ్వాలి, అందులో ఆ 10ని కూడా లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే షెల్ ప్రాంప్ట్ వాక్యానికి అతుక్కుంటుంది.

చివరిగా మీ అక్షర కూర్పు విభాగానికి ఒక మనవి. ప్రోగ్రాముల్లో వంపు కొటేషన్లు వద్దు, నిటారువే ఉంచండి. వంపువి ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తే అసెంబ్లర్ అంగీకరించదు.

ఇట్లు,
మైక్రోప్రాసెసర్ ల్యాబ్ అధ్యాపకులు కొందరు,
కాకినాడ