పోలిక చూసి చుట్టరికం కలపొద్దు: జపనీస్, సింహళం

సంపాదకుల వారికి,

జపనీస్‌కూ సింహళానికీ ఏదో పాత చుట్టరికం ఉందన్న మాట అప్పుడప్పుడూ అచ్చులో కనిపిస్తుంటుంది. చూపించే రుజువులు సాధారణంగా రెండు. రెండింట్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది. పేరును జపనీస్‌లో ‘నమయె’ అంటారు, సింహళంలో ‘నమ’ అంటారు. మొదటిది రుజువే కాదు, ప్రపంచ భాషల్లో సగానికి దగ్గరగా క్రియను చివర పెట్టేవే. రెండోది కాకతాళీయం. సింహళ ‘నమ’ సంస్కృత ‘నామ’ నుంచి వచ్చింది. జపనీస్ మాటలో పేరు అనే అర్థం ‘న’ దగ్గరే ఉంది, ‘మయె’ తరవాత చేరిన తోక.

చుట్టరికం తేల్చేది ధ్వనుల లెక్క. చతుర్, పంచ, సప్త, చంద్ర అనే మాటలు సింహళంలో హతర, పహ, హత, హఁద అయ్యాయి. ‘చ’, ‘స’ ఉన్నచోట ‘హ’ రావడం ఇలా మాట తరవాత మాటలో కనిపిస్తుంది. పాత ‘హ’ మాత్రం ఊడిపోయింది: హస్త ‘అత’ అయింది. కాబట్టి సింహళం ఇండో-ఆర్య భాష అనడంలో సందేహం లేదు. జపనీస్ సొంత అంకెలు హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు. వీటిని హతర, పహల దగ్గరికి చేర్చే దారి ఏదీ లేదు. పైగా జపనీస్ ‘హ’ కూడా పాతది కాదు, అది ఒకప్పటి ‘ప’. రెండు భాషల్లోనూ ‘హ’ కొత్తగా వచ్చిందే, వచ్చిన దారులే వేరు. నేటి నిఘంటువులు పక్కపక్కన పెట్టుకుని ‘హ’తో మొదలయ్యే మాటలను జత కలిపేవారు పడే గొయ్యి ఇదే. జపనీస్‌ను తమిళంతో కలపాలని జపాన్ భాషావేత్త ఒనొ సుసుము చేసిన ప్రయత్నం మీద వచ్చిన ప్రధాన విమర్శ కూడా ధ్వనుల లెక్క కుదరలేదనే.

అయినా ఈ రెండు భాషలనూ పోల్చి చూడాల్సిందే, వ్యాకరణంలో. అయితే పోల్చాల్సింది మాట్లాడే సింహళాన్ని. రాతభాషలో ‘మమ యమి’ (నేను వెళ్తాను), ‘ఒహు యయి’ (అతను వెళ్తాడు) అని పురుషను బట్టి క్రియ మారుతుంది. నోటిమాటలో ఎవరికైనా ‘యనవా’ ఒక్కటే, ‘వెళ్తున్నా’ అన్నా ‘వెళ్తా’ అన్నా అదే. జపనీస్ ‘ఇకు’ (వెళ్ళు) కూడా ఎవరికైనా ఒక్కటే. పాత వ్యాకరణ గ్రంథం ముందు పెట్టుకుంటే ఈ పోలిక కనపడనే కనపడదు.

అన్నిటికంటే లోతైన పోలిక ప్రశ్నలో ఉంది. సింహళ ప్రశ్నార్థకం ‘ద’, జపనీస్‌ది ‘క’. మామూలు ప్రశ్నలో ‘ద’ క్రియకే తగులుకుంటుంది: ‘ఒయా యనవాద?’ (నువ్వు వెళ్తావా?). ఒక్క మాట మీద ఊనిక పెడితే ‘ద’ ఆ మాటకు అంటుకుంటుంది, దానితో క్రియ చివర మారిపోతుంది: ‘ఒయా గెదరద యన్నె?’ (గెదర అంటే ఇల్లు). ఎక్కడికని అడగాలన్నా ‘ఒయా కొహెద యన్నె?’ అనాలి. కొత్తగా నేర్చుకునేవారు ‘కొహెద యనవా’ అంటారు, అది తప్పు. తెలుగువారికి ఇది పట్టుబడటం కష్టం కాదు, ‘నువ్వు వెళ్ళేది ఇంటికా?’ అన్నప్పుడు మన ‘వెళ్తావు’ కూడా ‘వెళ్ళేది’ అవుతుంది కదా. పాత జపనీస్‌లో ఇదే కట్టు ఉండేది, దాన్ని ‘కకరి-ముసుబి’ అంటారు. వాక్యం మధ్యలో ‘క’, ‘య’, ‘జొ’, ‘నము’ వస్తే క్రియ నామానికి ముందు వచ్చే రూపంలో ముగిసేది, ‘కొసొ’ వస్తే ఇంకో రూపంలో. మధ్యయుగాల్లో ఆ కట్టు సడలిపోయింది. జపాన్‌లో బడిపిల్లలు ప్రాచీన పాఠాల్లో కష్టపడి నేర్చే సూత్రానికి సాటివచ్చేదాన్ని శ్రీలంకలో కూరలు కొంటూ వాడేస్తున్నారు.

ఉనికి చెప్పే క్రియ కూడా రెండు భాషల్లో రెండుగా చీలింది. కుక్కకు జపనీస్‌లో ‘ఇరు’, సింహళంలో ‘ఇన్నవా’. పుస్తకానికి ‘అరు’, ‘తియెనవా’. చెట్టుకు ప్రాణం ఉన్నా రెండు చోట్లా పుస్తకం పక్కనే కూర్చోబెట్టారు. తెలుగులో గీత మరోచోట ఉంది: మనుషులు ‘ఉన్నారు’, కుక్కలూ పుస్తకాలూ ‘ఉన్నాయి’. అందుకే తెలుగువారు తడబడేది మనుషుల దగ్గర కాదు, జంతువుల దగ్గర.

లెక్కపెట్టడంలో మాత్రం దారులు విడిపోతాయి. సింహళంలో రెండే అరలు: పుస్తకాలైతే ‘పొత్ దెకక్’, కుక్కలైతే ‘బల్లొ దెన్నెక్’. జపనీస్‌లో పొడుగాటి వాటికి ‘హొన్’, పలచని వాటికి ‘మయి’, చిన్న జంతువులకు ‘హికి’, మనుషులకు ‘నిన్’, ఇంకా ఎన్నో. వాటి ధ్వనులూ అంకెను బట్టి మారతాయి: ఇప్పొన్ (ఒకటి), నిహొన్ (రెండు), సంబొన్ (మూడు). ‘ఇప్పొన్’లో తొంగిచూసేది ఇందాక చెప్పిన పాత ‘ప’యే.

చూపించే మాటల్లో తెలుగు బీదది, ‘ఇది’, ‘అది’తో సరి. జపనీస్‌లో నా దగ్గరది ‘కొరె’, నీ దగ్గరది ‘సొరె’, ఇద్దరికీ దూరంగా ఉన్నది ‘అరె’. సింహళంలో వీటికి సరిగ్గా మేక, ఓక, అరక ఉన్నాయి. ఇందాక మాటల్లో వచ్చినదానికి నాలుగోది, ‘ఏక’, అదనం.

పలకడంలో సింహళ సగం అనునాసికం చూడండి. ‘కఁద’ అంటే చెట్టు మాను, ‘కంద’ అంటే కొండ. మన పాత పుస్తకాల అరసున్నను గుర్తుచేసే ఈ ధ్వని విడిగా మాత్ర (పలికే కాలపు కొలత) తీసుకోదు. జపనీస్ పొల్లు ‘న్’ది సరిగ్గా ఉల్టా, అది నిండు మాత్ర. ‘కి-నె-న్’ అంటే స్మారకం, ‘కి-న్-ఎ-న్’ అంటే పొగ తాగడం నిషేధం. మాత్ర మింగేస్తే గోడ మీది హెచ్చరిక స్మారకోత్సవం అవుతుంది.

ఇన్ని పోలికలకూ ఒకే మూలం వెతకనక్కర్లేదు. క్రియను చివర పెట్టే భాషల్లో ఇలాంటివి చాలావరకు కలిసే వస్తాయి. సింహళానికి తమిళంతో శతాబ్దాల ఇరుగుపొరుగు కూడా ఉంది.

నిజమైన సంబంధమే కావాలంటే అది అక్షరాల వరసలో ఉంది. జపనీస్ లిపి ‘కన’ వరస: అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ భిక్షువులు సంస్కృత అక్షరాలు చదువుకుంటూ వెంట తెచ్చుకున్న వర్గక్రమం (క, చ, ట, త, ప వరస) ఇది, సింహళ అక్షరమాలదీ మనదీ కూడా అదే. ‘చ’ ఉండాల్సిన చోట ‘స’ ఉంది. ‘మ’ ముందు ‘హ’ ఎందుకు కూర్చుందంటారా, ఆ వరస కుదిరినప్పుడు అది ఇంకా పెదవులతో పలికే ధ్వనే, ‘ప’ సంతానమే.

— ఒక పాఠకుడు