పాపికొండల యాత్రకు వచ్చే సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. కార్తీకమాసంలో మనం వెళ్లదలచిన పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన అడవి అనీ, రాజమహేంద్రవరానికి ఎంత దగ్గరైనా అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుందనీ దయచేసి గుర్తుంచుకోండి. పులి, చిరుత, అడవిదున్న తిరిగే ఆ కొండల్లో నిప్పు రాజేయడం నేరం. కాబట్టి వనభోజనాల వంట ఇంటి దగ్గరే ముగించుకొని, పులిహోర, దద్దోజనం స్టీలు క్యారేజీల్లో సర్ది, అరిటాకులు వెంట తెచ్చుకోవాలని కోరుతున్నాను. ప్లాస్టిక్ గ్లాసులు అసలు వద్దు. గోదావరిలో లాంచీ మీద నుంచి విసిరిన చిప్స్ కవరు ఇసుకతిన్నెకు చేరి, నీళ్లకు దిగిన దుప్పి నోట పడవచ్చు. పైగా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మన పంటకాలువల్లోకి మళ్లేది ఆ గోదావరి నీరే. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగిన ప్రమాదాన్ని మనలో ఎవరూ మరచిపోలేదు గనుక, పిల్లలూ పెద్దలూ లాంచీ దిగేవరకు లైఫ్ జాకెట్టు విప్పకూడదు.