చర్చి నిండా బ్రదర్లే, ఒక్క స్నేహితుడూ లేడంటావా?

బావా,

వందనాలు. నీ ఉత్తరం అందింది. గేటు దగ్గర పదిమంది "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అంటారు, ఆరాధన అవగానే బైకులు స్టార్ట్ చేసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. జ్వరమొచ్చి మంచాన పడితే గంజి కాచి పోసింది మాత్రం శనివారాలు ఒంటిపూట ఉండే నీ రూమ్మేటు. పైగా యూత్ కూడికలో ఎవరో అన్యులతో, అంటే క్రైస్తవులు కానివాళ్ళతో, సావాసం మానేయమన్నారని ఇంకో దిగులు.

మానకు. నీకు చూపించిన వాక్యం "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును" అన్నదే అయ్యుంటుంది. అది పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలోది, మొదటి కొరింథీ 15వ అధ్యాయం మొత్తం చదువు. పౌలు అక్కడ మండిపడేది చనిపోయినవాళ్ళు లేవరని వాదించేవాళ్ళ మీద. "మీలో కొందరు" అంటాడు, అంటే సంఘంలో కూర్చునేవాళ్ళే! 5వ అధ్యాయంలోనైతే, లోకంలో ఎవరితోనూ కలవకూడదంటే మీరు లోకాన్నే విడిచి పోవాలి కదా అని తనే తేల్చేశాడు. ప్రభువైన యేసును కూడా సుంకరులకూ (పన్ను వసూలు చేసేవాళ్ళకూ) పాపులకూ స్నేహితుడని ఎత్తిపొడిచారు.

అలాగని అందరికీ మనసు విప్పమనడం లేదు. కలిసి టీ తాగేవాళ్ళు వేరు, పెళ్ళి సంబంధం తేల్చుకునేటప్పుడు ఎవరి మాట వింటావో వాళ్ళు వేరు. ఆ రెండోవాళ్ళకు దైవభయం ఉండాలి, ఇందులో నేను మొండివాణ్ణే. "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అంటూ పక్కింటి కాపురం గుట్టు విప్పే బ్రదర్ కనబడితే దణ్ణం పెట్టి తప్పుకో, రేపు నీ గుట్టూ ప్రార్థనాంశమే. ఎదుటే "ఇది తప్పురా" అని, బయట నోరెత్తనివాడు దొరికితే వదలకు.

దావీదు స్నేహితుడు యోనాతాను అంటే అందరూ అతనిచ్చిన దుప్పటి, కత్తి, విల్లు గురించే చెబుతారు. నాకు నచ్చేది మొదటి సమూయేలు 23. దావీదు జీఫు అరణ్యంలో దాక్కున్నాడు, తరుముతున్నది యోనాతాను కన్నతండ్రి సౌలు రాజే. గద్దెకు రావలసినవాడు అడవికి వెళ్ళి, "భయపడకు, రాజువయ్యేది నువ్వే" అని దేవునిబట్టి బలపరిచి ఇంటికి తిరిగొచ్చాడు. సైన్యం తేలేదు, సద్దిమూట తెచ్చినట్టూ రాయలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసినట్టు బైబిల్లో ఎక్కడా లేదు.

మన దోర్నకల్ అజరయ్య గారు గుర్తున్నారా? 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. దానికి రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో నిలబడి దొరల మొహం మీదే చెప్పారు: మీ ఆస్తి పేదలకిచ్చారు, మీ ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులనివ్వండి అని. సాయం చేసే పెద్దమనిషి ఒకడు, పక్కన కూర్చుని అన్నం తినేవాడొకడు. దొరలు పోయారు గానీ మన సంఘాల్లో ఇప్పటికీ ఎవరి పేట వాళ్ళదే, ఎవరి పంక్తి వాళ్ళదే. ఆదివారం నీ వెనక వరసలో కూర్చునేవాడి ఇంటికి ఎప్పుడైనా వెళ్ళావా?

ఇంకో సంగతి, ఏమీ అనుకోకు. నువ్వు ఎవరినీ ఏదీ అడగవు. పౌలంతటివాడు చెరలోంచి తన శిష్యుడు తిమోతికి రాస్తూ, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ పట్టుకురా, పుస్తకాలు తే, చలికాలం రాకముందే వచ్చెయ్ అని అడిగాడు. నీకేమో బస్టాండు దాకా దింపమనడానికి కూడా మొహమాటం! ఈ ఆదివారం ఎవరినైనా ఒక చిన్న పని అడుగు. ఎవరినడిగావో, ఏమన్నారో వెంటనే రాయి.

నీ బావ