నూనె పీల్చే ఫోమ్: తప్పు బాత్‌లో కాదు, ఎమల్షన్‌లో వెతకండి

సంపాదకుల వారికి నమస్కారం.

నీటి మీద తేలే నూనెను పీల్చే పాలిమర్ ఫోమ్‌ను ప్రాజెక్టుగా ఎంచుకునే ఎమ్మెస్సీ, బీటెక్ విద్యార్థులకూ, వాళ్లకు మార్కులు వేసే అధ్యాపకులకూ మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు చెప్పదలిచాం. భావనపాడు, కళింగపట్నం లాంటి రేవులున్న శ్రీకాకుళం జిల్లాకు పనికొచ్చే అంశమే ఇది. ఖరీదైన యంత్రాలూ అక్కర్లేదు. కానీ ఫోమ్ పాడైతే అందరూ దాన్ని వేడిచేసి గట్టిపరిచే వేడినీటి తొట్టినే, అంటే వాటర్ బాత్‌నే అనుమానిస్తారు. చాలాసార్లు అసలు తప్పు అంతకుముందే, ఎమల్షన్ (ఒక ద్రవంలో మరో ద్రవం సన్నటి బొట్లుగా నిలిచిన మిశ్రమం) కలిపేటప్పుడే జరిగిపోయి ఉంటుంది.

ఈ పద్ధతి 1980ల ఆరంభంలో యూనిలీవర్ తీసుకున్న పేటెంటు నాటిది. మోనోమర్‌లో, అంటే పాలిమర్‌గా మారే ద్రవంలో, నీటిని సన్నటి బొట్లుగా ఇరికించి, మోనోమర్ గట్టిపడ్డాక ఆ నీటిని తీసేస్తే బొట్టున్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. ఒకే సైజు గోళాలను ఎంత ఒత్తుగా పేర్చినా 74 శాతానికి మించి చోటు నింపలేవు. అంతకన్నా ఎక్కువ నీటిని పట్టించడమే ఇక్కడి పని.

8 మి.లీ. స్టైరీన్, పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి ముడివేసే డైవినైల్ బెంజీన్ 2 మి.లీ., బొట్లు కలిసిపోకుండా ఆపే సర్ఫాక్టెంట్ స్పాన్ 80 2 నుంచి 2.5 గ్రా. కలిపితే మోనోమర్ భాగం. నీరు 90 మి.లీ.; అందులో గట్టిపడే చర్యను మొదలుపెట్టే పొటాషియం పర్సల్ఫేట్ 0.2 గ్రా., నిర్జల (నీరు లేని) కాల్షియం క్లోరైడ్ 1 గ్రా. ఈ ఉప్పును మానేయకూడదు, బొట్లు ఒకదాన్నొకటి మింగి పెద్దవి కాకుండా కాసేది అదే. మన తీరపు గాలికి నిర్జల కాల్షియం క్లోరైడ్ సీసా మూత తీసి ఉంచితే కాసేపట్లోనే చెమర్చి ముద్దవుతుంది, తూకం తప్పుతుంది. దానికి బదులు ముందే నీటి అణువులు కలిసి ఉన్న డైహైడ్రేట్ రూపం 1.3 గ్రా. తూచుకోవడం మేలు. సీసాలో వచ్చే స్టైరీన్‌లో నిల్వలో గట్టిపడకుండా ఆపే టెర్షియరీ బ్యుటైల్ కాటకాల్ అనే నిరోధకం ఉంటుంది. బేసిక్ అల్యూమినా (క్షార గుణమున్న అల్యూమినా పొడి) గుండా పంపి దాన్ని తీసేసి, ఆ మోనోమర్‌ను ఆ రోజే వాడేయాలి. ఇది తీయకుండా బాత్‌లో పెట్టి, రెండో రోజుకీ గట్టిపడలేదని పర్సల్ఫేట్ పెంచుకుంటూ పోవడం వృథా.

ఇక కలపడం. అయస్కాంతపు స్టిర్రర్ దీనికి చాలదు, ఎమల్షన్ చిక్కబడగానే బిళ్ల తిరగడం మానేస్తుంది. పైనుంచి తెడ్డు తిప్పే స్టిర్రర్‌ను 300 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, నీటిని డ్రాపింగ్ ఫనల్‌తో బొట్టు బొట్టుగా, నిమిషానికి 1 నుంచి 2 మి.లీ. చొప్పున వదలాలి. తొందరపడి గుమ్మరిస్తే ఎమల్షన్ తిరగబడి, అంటే నీటిలోనే మోనోమర్ బొట్లుగా మారి, పల్చటి పాలలా అయిపోతుంది. దాన్ని ఎంత తిప్పినా వెనక్కి రాదు. నీరంతా పోశాక మరో 20 నిమిషాలు తిప్పి, ఒక బొట్టు తీసి గ్లాసు నీటిలో వేసి చూడండి. ఉండలా నిలబడితే సరైనదే. చెదిరి నీటిని తెల్లగా చేస్తే తిరగబడినట్టు. ఈ పరీక్ష చేయకుండా బాత్‌లో పెట్టవద్దు.

పాలీప్రొపిలీన్ ట్యూబుల్లో నింపి, మూత బిగించి, 60 డిగ్రీల దగ్గర 24 నుంచి 48 గంటలు ఉంచాలి. పాలీస్టైరీన్ ట్యూబు అయితే స్టైరీన్ దాన్నే కరిగించేస్తుంది. మొదటి గంటల్లో కరెంటు పోతే, గట్టిపడని ఎమల్షన్ అడుగున నీరు విడిపోవచ్చు. ఇన్వర్టర్ ఉన్న గదిలో పెట్టుకోండి.

స్పాన్ 80 మరీ తగ్గించి, మోనోమర్‌లో 5 శాతం దగ్గరికి తెస్తే గదులు ఏర్పడతాయి గానీ వాటి మధ్య కిటికీలు తెరుచుకోవు. రంగు కలిపిన ఇథనాల్‌లో ముక్క అంచు ముంచితే తెలిసిపోతుంది: కిటికీలుంటే రంగు పైకి పాకుతుంది, లేకుంటే అంచు దగ్గరే ఆగుతుంది.

కడగడం దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. సాక్స్‌లెట్‌లో (ద్రావణిని మరిగించి, చల్లార్చి మళ్లీ మళ్లీ ముక్క మీదుగా పంపే గాజు పరికరంలో) నీటితో ఒక రోజు, ఐసోప్రొపనాల్‌తో మరో రోజు కడిగి ఆరబెట్టాలి. స్పాన్ 80 మిగిలిపోతే ఫోమ్ నూనెతో పాటు నీటినీ పీలుస్తుంది. కడిగిన ముక్క మీద నీటి చుక్క పూసలా నిలబడాలి.

అధ్యాపకులకు మా విన్నపం ఒకటి. నూనె పీల్చే వీడియో చూసి మార్కులు వేయకండి, సాంద్రత అడగండి. పై కొలతలకు ఘన సెంటీమీటరుకు 0.09 గ్రాముల దరిదాపుల్లో రావాలి. 0.15 వస్తే ఎండేటప్పుడు కుంచించుకుపోయిందో, ఎమల్షన్‌లో నీరు విడిపోయిందో కనుక్కోవాలి. ఈ సాంద్రత ఫోమ్ గ్రాముకు ఖాళీ సుమారు 10 ఘన సెంటీమీటర్లు, అంటే పట్టే నూనె 8, 9 గ్రాములు. పాలిమర్ ఉబ్బితే కొంత పెరగొచ్చు. రిపోర్టులో గ్రాముకు 40 గ్రాములని రాస్తే ఎలా తూచారో చూపించమనండి.

ఈ ఫోమ్ పెళుసు, పిండితే పొడి రాలుతుంది. పిండి మళ్లీ వాడాలంటే స్టైరీన్‌లో ఎక్కువ భాగం తీసేసి 2-ఇథైల్‌హెక్సైల్ ఎక్రిలేట్ వేయాలి.

స్టైరీన్ పనంతా ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. కడిగిన ఐసోప్రొపనాల్‌ను సింకులో పోయకుండా మూత ఉన్న డబ్బాలో పోగుచేసి, వ్యర్థాలు తీసుకెళ్లే వారికి అప్పగించే ఏర్పాటు ప్రతి కాలేజీ చేయాలి. ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ రెండూ ఉన్నాయో లేదో విభాగాధిపతులు చూసుకోవాలని కోరుతున్నాం.

రసాయనశాస్త్ర అధ్యాపకులు,
విజయనగరం