కుక్కపిల్ల ఏడుపు, అమ్మకందారు తొందర

సంపాదకులకు నమస్కారం.

అపార్ట్‌మెంట్లలో కుక్కపిల్లల ఏడుపు గురించి ఇరుగుపొరుగుల మధ్య జరిగే తగవులను ఇన్నాళ్లూ పక్కనుండి చూసి, మొన్న మార్చిలో అలాంటి తగవులో నేనే ముద్దాయిగా నిలబడవలసి వచ్చినందున ఈ ఉత్తరం రాస్తున్నాను.

మనవడి పోరు పడలేక ఒక లాబ్రడార్ పిల్లను కొన్నాం. దానికి యాభై రోజులని అమ్మినవాడు చెప్పాడు. మొదటి రాత్రి అది తెల్లవారేదాకా కుయ్యికుయ్యిమంటూనే ఉంది. రెండో రాత్రి బాల్కనీలో ఉంచి తలుపు వేస్తే, తలుపు కింది సందులో మూతి ఆనించి, గొంతు బొంగురుపోయినా మూలగడం మానలేదు. నేను మడిచిన పత్రికతో (మీ పత్రికే, మన్నించాలి) నేల మీద కొట్టి బెదిరించాను. దానితో అది ఉన్నచోటనే మూత్రం పోసి మరింతగా ఏడ్చింది. మూడో రోజు ఉదయానికి మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శికి ఫిర్యాదు చేరింది. పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని నేనూ వాదించగలను కానీ, పదో తరగతి పరీక్షలు రాస్తున్న కింది ఫ్లాటు అమ్మాయికి ఆ కాగితం నిద్ర తెచ్చిపెట్టదు కదా.

పశువైద్యుడు దాని పెదవి ఎత్తి చూసి, పాలపళ్లే ఇంకా పూర్తిగా రాలేదని, ఆరు వారాలు కూడా నిండి ఉండవని చెప్పారు. కుక్కల పెంపకం, విక్రయాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తోబుట్టువుల మీద పడి వెచ్చగా నిద్రపోతూ, ఎంత గట్టిగా కొరికితే అవతలిది అరుస్తుందో ఆటలోనే నేర్చుకుంటూ, తల్లి కాసేపు పక్కకు పోయినా ఓర్చుకోవడం అలవాటు చేసుకునే వయసులో దాన్ని తెచ్చి చీకటి బాల్కనీలో ఒంటరిగా పడేస్తే అది ఏడవక ఏం చేస్తుంది?

ముందుగా ఆకలి, చలి, నులిపురుగులు, జబ్బు కారణం కాదని తేల్చుకోమని, ఏడుపుతో పాటు వాంతులో విరేచనాలో ఉన్నా, తిండి మానేసినా వెంటనే తీసుకురమ్మని వైద్యుడు చెప్పారు. ఆయన సలహా మీద అట్టపెట్టెలో పాత నూలు చీర పరిచి, వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టి, ఆ పెట్టెను నా మంచం పక్కకు చేర్చాను. అంత చిన్నపిల్ల మూత్రం ఎక్కువసేపు ఆపుకోలేదు కనుక రాత్రి రెండుసార్లు లేచి బయటకు తీసుకువెళ్లేవాణ్ణి. పగలు మాత్రం వేరే సాధన: గదిలో వదిలి ఒక నిమిషం, తర్వాత అయిదు నిమిషాలు, ఇలా పెంచుకుంటూ పోయి, ఏడుపు ఆగిన క్షణం చూసుకుని లోపలికి వెళ్లడం. ఏడ్చినప్పుడల్లా మనవడు పరుగెత్తి ఎత్తుకోవడం వల్ల, ఏడిస్తే మనుషులు వస్తారని మేమే దానికి నేర్పుతున్నామట. మూడు వారాలకు రాత్రుళ్లు సద్దుమణిగాయి. లిఫ్టు తలుపు చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ ఓసారి మూలుగుతుంది.

మీ పత్రిక వర్గీకృత ప్రకటనల్లో కుక్కపిల్లల అమ్మకాలు కనిపిస్తుంటాయి. జాతి, ధరలతో పాటు పిల్ల పుట్టిన తేదీ కూడా ఇస్తేనే ఆ ప్రకటన వేస్తామని మీరు నియమం పెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
విజయవాడ