2024–25 వార్షిక నివేదిక: కొత్త పావులు, ఆదివారం ఆటలు

సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా విజయవాడలో మన చదరంగం సంఘం ఏం చేసిందో ఇందులో రాస్తున్నాను. జమాఖర్చుల పుస్తకం ట్రెజరర్ గారి దగ్గర ఉంది, ఎవరైనా అడిగి చూడొచ్చు, అందుకని ఇక్కడ ఆటల సంగతే ఎక్కువ ఉంటుంది.

సెప్టెంబర్‌లో ఆట లేదు. బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగినప్పుడు మన సభ్యులు కొందరు మేడల మీద, కొందరు బంధువుల ఇళ్లల్లో తలదాచుకున్నారు. ఆ రోజుల్లో హాల్లో పాలు, బ్రెడ్డు, నీళ్ల బాటిళ్లు సర్ది మోసుకెళ్లిన మన కుర్రాళ్లందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. దసరా దాటాకే మళ్లీ బోర్డులు పరిచాం.

డిసెంబర్ నెల మాత్రం పండగలా గడిచింది. 12న సింగపూర్‌లో గుకేశ్ 18 ఏళ్ల వయసులో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, నెలాఖరుకి న్యూయార్క్‌లో మన కోనేరు హంపి గారు ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆట) టైటిల్ రెండోసారి గెలిచారు (మొదటిది 2019లో). దాంతో జనవరిలో కొత్తగా చేరే పిల్లలు బాగా పెరిగారు. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక మనకు పక్కనే ఉన్న గుంటూరు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి మా పిల్లలు కూడా ఎందుకు కాకూడదని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. వారం మధ్యలో జరిగే మామూలు క్లాసులు ఎప్పటిలాగే నడిచాయి, టోర్నమెంట్లకు వెళ్లేవాళ్లు వెళ్లారు.

ఇక ఆదివారం ఉదయాల గురించి. ఆ పూట మామూలు చదరంగంలో లేని కొత్త పావులతో ఆడించాలని కమిటీ నిర్ణయించింది, దాని మీద ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కోచింగ్‌కి వెళ్లే పిల్లాడికి మొదటి పదిహేను ఎత్తులు కంఠతా వచ్చి ఉంటాయి, కొత్తగా చేరిన పిల్లాడు వాడి ముందు కూర్చుంటే ఆలోచన మొదలుపెట్టే లోపే ఆట చేజారిపోతుంది, రెండు వారాలకు రావడం మానేస్తాడు. బట్టీ పట్టిన ఎత్తుల బాధ పెద్దవాళ్ల ఆటలో కూడా ఉంది, మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ 1996లో వెనక వరస పావుల్ని చీటీ వేసినట్టు మార్చేసి 960 రకాలుగా ఆట మొదలుపెట్టొచ్చని చెప్పింది అందుకే. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న కాపాబ్లాంకా కూడా, ఆట ఇలాగే సాగితే పెద్ద ఆటగాళ్ల మధ్య అన్నీ డ్రాలే అవుతాయని భయపడి, 10 గళ్ల వెడల్పు, 8 గళ్ల పొడవు బోర్డు మీద రెండు కొత్త పావులు పెట్టమన్నాడు.

మేం ముందుగా పట్టుకున్నది అవే రెండు పావుల్ని మామూలు 64 గళ్ల బోర్డు మీదే ఆడించే పద్ధతి. గ్రాండ్‌మాస్టర్ యాసర్ సెయిరవాన్, బ్రూస్ హార్పర్ కలిసి 2007లో తెచ్చారు. శకటం (మూలగా నడిచేది), గుర్రం రెండు నడకలూ ఉన్న పావును డేగ అంటున్నాం. ఏనుగు (నిలువుగా, అడ్డంగా నడిచేది), గుర్రం కలిసిన దానికి పిల్లలే ఐరావతం అని పేరు పెట్టారు. ఈ రెండూ ఆట మొదట్లో బోర్డు మీద ఉండవు, చేతిలో ఉంటాయి. వెనక వరస పావు ఏదైనా మొదటిసారి కదిలినప్పుడు, అది ఖాళీ చేసిన గడిలో వెంటనే వీటిలో ఒకదాన్ని దించుకోవచ్చు. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కలిసి కదలడం) చేస్తే రాజు గడిలో గానీ ఏనుగు గడిలో గానీ ఒక్కటే దించాలి. తొందరపడి దించితే ఎదుటివాళ్ల బంట్లు తరుముతాయి, మరీ ఆలస్యం చేస్తే వెనక వరసంతా కదిలిపోయి దించే హక్కే పోతుంది. ఎప్పుడు దించాలన్న ఆ టెన్షన్ ఎంత బాగుంటుందో ఆడి చూస్తేనే తెలుస్తుంది.

డేగ గురించి ఒకటి చెప్పాలి. ఎదుటి రాజు ఏ1 మూలలో చిక్కాడనుకోండి, మన డేగ సి3లో ఉందనుకోండి. శకటం నడకతో బీ2 మీదుగా చెక్, గుర్రం నడకతో ఏ2, బీ1 రెండూ మూత. పక్కన మన రాజు కూడా అక్కర్లేదు, ఒక్క పావుతోనే ఆటకట్టు. ఐరావతం బలమైనదే, కానీ ఈ పని ఒంటరిగా చేయలేదు. ఆరో తరగతి పిల్లాడు బోర్డు మీద పెట్టి చూపిస్తుంటే పెద్దవాళ్లు కుర్చీలు జరుపుకుని చుట్టూ చేరారు.

తర్వాత చైనా చదరంగంలోని ఫిరంగి. నడక ఏనుగులాగే, కానీ కొట్టాలంటే మధ్యలో సరిగ్గా ఒక్క పావు ఉండాలి, దాని మీంచి దూకి కొడుతుంది. ఏనుగు స్థానంలో పెట్టి చూస్తే మొదటి ఎత్తులోనే తన బంటు మీంచి ఎదుటి బంటును కొట్టేసింది, ఆ వెంటనే ఎదుటి ఫిరంగి దీని మీంచి దూకి ఇటు బంటును తినేసింది. అందుకని పది ఎత్తులయ్యాక వెనక వరసలో ఖాళీ గడి చూసి దించాలని మన నియమం పెట్టుకున్నాం. రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరు, ఎదురుగా ఫిరంగి ఉందని, తన రాజుకు అడ్డంగా శకటం పెట్టబోయారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఆపి, "తాతయ్య గారూ, మధ్యలో ఏమీ లేకపోతేనే మీకు క్షేమం, అది పెట్టారంటే మీ రాజుకు చెక్ అవుతుంది" అంది. ఆయన చాలాసేపు బోర్డు చూసి శకటాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, ఆటలో చేరి ఏడాది కాని పిల్ల ఒకే బోర్డు ముందు సమానంగా ఆలోచించడం మామూలు క్లాసులో నేనింతవరకు చూడలేదు.

మిడత అనే పావును ఇంగ్లండ్‌కు చెందిన టి.ఆర్. డాసన్ 1913లో కనిపెట్టాడు. మంత్రి నడిచే దిక్కుల్లోనే వెళ్తుంది, కానీ దారిలో ఎదురైన మొదటి పావును దాటి సరిగ్గా దాని వెనక గడిలోనే దిగాలి. దాటడానికి ఎవరూ లేకపోతే కదల్లేదు. ఆట చివర్లో బోర్డు ఖాళీ అయ్యేకొద్దీ దాని బలం తగ్గిపోవడం చిన్నపిల్లలకు కొంచెం నిరాశ కలిగించింది, అందుకే దీన్ని ఆటల్లో తగ్గించి ఎక్కువగా పజిల్స్‌లో వాడుతున్నాం.

ఈ పావులు బజార్లో దొరకవు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఒక కుటుంబం చేత తెల్లపొణికి కర్రతో చేయించాం. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో డేగ రెక్కలు అతికించిన పనితనం దగ్గర్నుంచి చూడాల్సిందే. కాకపోతే పొణికి మరీ తేలిక కర్ర, మన హాల్లో ఫ్యాను వేస్తే మిడతలు పడిపోయేవి. వాళ్లే అడుగున గుంట తొలిచి ఇనుప వాషర్ పెట్టి అదే ముద్దతో పూడ్చి ఇచ్చారు, ఇప్పుడు నిలబడుతున్నాయి. 10 గళ్ల బోర్డులు ఫ్లెక్స్ మీద ప్రింట్ చేయించాం, సంక్రాంతి సెలవుల్లో కాపాబ్లాంకా ఆట వాటి మీదే ఆడాం.

ఇది అసలు చదరంగమేనా అని అడిగిన సభ్యులకు నా జవాబు. మన పాత చతురంగంలో మంత్రి మూలకు ఒక్క గడి మాత్రమే కదిలేవాడు, ఇప్పుడున్న నడక 15వ శతాబ్దం చివర్లో యూరప్‌లో వచ్చింది. స్పెయిన్‌లోని కాస్టిల్ రాజు పదో అల్ఫోన్సో 1283లో రాయించిన ఆటల గ్రంథంలో 12 గళ్ల వెడల్పు, 12 గళ్ల పొడవు బోర్డు మీద మొసలి, జిరాఫీ, సింహం ఉన్నాయి. పావులు మారుతూనే ఈ ఆట మన దాకా వచ్చింది. రేటింగ్ తగ్గిపోతుందన్న భయం కూడా అక్కర్లేదు, ఆదివారం ఆడే పిల్లలు మామూలు ఆటలో కూడా ఎత్తు వేసేముందు బోర్డంతా చూడటం మొదలుపెట్టారు. పైగా వారంలో అది ఒక్క పూటే.

వచ్చే ఏడాది కూడా ఆదివారం ఇలాగే కొనసాగించాలని కమిటీ ప్రతిపాదన, జనరల్ బాడీలో చర్చించి ఓటు వేయండి. మే నెల ఎండలకు రేకుల హాల్లో కూర్చోలేం కాబట్టి ఆ నెలంతా ఉదయం ఆరున్నరకే మొదలుపెడదాం. సంక్రాంతికి ఇళ్లకు తీసుకెళ్లిన 10 గళ్ల ఫ్లెక్సులు కొన్ని ఇంకా తిరిగి రాలేదు, మడత పెట్టకుండా చుట్టి మీటింగుకి పట్టుకురండి.

కార్యదర్శి